గీకకుండా వదిలేసిన జానెడు

నాకు నోటి దురుసు ఎక్కువని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ రోజు కూడా అంతే. తుప్పు గీకి రంగేసే మా షెడ్డుకొచ్చిన ఓ పాత లారీ కింద పడుకుని టార్చి వేసి చూసి, “దీనికి రోజూ స్నానం ఎవరు చేయిస్తున్నారండీ?” అన్నాను.

“నేనే. లారీకి కాదు, మొక్కలకి” అని పైనుంచి ఆడగొంతు వినిపించింది.

నర్సరీ వాళ్లమ్మాయి. మొక్కలు లారీకి ఎక్కించి, వాడిపోకుండా నీళ్లు పోస్తుందట. ఏళ్ల తరబడి ఆ నీళ్లు చెక్కల సందుల్లోంచి కారి కింద ఇనుమంతా తుప్పు పట్టింది. సోమవారం ఫిట్‌నెస్ పరీక్ష. నెగ్గకపోతే లారీని తుక్కుకు ఇచ్చేస్తానని వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడట. ఆ లారీ నడపడమంటే ఆమెకు ప్రాణం. ఆ మాట చెబుతూ లారీ తలుపును నిమిరింది. అప్పటికే నా మనసు ఆమె వైపు జారిపోయింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ముందు చిన్న సుత్తితో కొట్టి వింటాం. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్‌మంటుంది. తుప్పంతా గీకాకే నల్లరంగు. గీకకుండా రంగేస్తే తడి లోపలే ఉండి ఇనుము ఇంకా తొందరగా పోతుంది.

పని సాగిన మూడు రోజులూ ఆమె వచ్చింది. అట్టముక్క పరుచుకుని నా పక్కనే పడుకుని లైటు పట్టింది. బయట సన్నగా వాన. చెక్కల సందుల్లోంచి వెలుగు గీతలు గీతలుగా ఆమె బుగ్గ మీద పడేది. సాయంత్రం మాత్రమే విచ్చుకునే పూల గురించి, విత్తనం మొలిచేదాకా తనకు నిద్ర పట్టకపోవడం గురించి చెప్పేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి. లోకంలో లారీకి పైభాగం కూడా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను.

ఆదివారం పొద్దున తండ్రీకూతుళ్లు లారీ తీసుకెళ్లడానికి వస్తామన్నారు. ఈలోగా టీ తాగుతూ చేసిన పనంతా ఒకసారి తలుచుకున్నాను. వెనక ఎడమ చక్రం పక్కన ఆమె ఏం చెప్పిందో ప్రతి మాటా గుర్తుంది. అక్కడ నా చెయ్యి ఏం చేసిందో మాత్రం గుర్తులేదు. లేచి వెళ్లి మెల్లగా తట్టి చూశాను, గీకకుండానే రంగేసేశాను.

నోరు మూసుకుంటే పరీక్ష నెగ్గేస్తుందేమో, పైకి నిగనిగలాడుతోంది. కానీ రేపు దాన్ని నడిపేది ఆమె. చెప్తే నా పరువుతో పాటు ఆమె కూడా దూరమవుతుందని భయమేసింది.

వాళ్లు రాగానే, లారీ ఇవ్వనని చెప్పేశాను. పెద్దాయన్ను కిందికి వంగమని, ఆ చోట సుత్తితో కొట్టాను. డబ్‌మంది. రంగుతో సహా పెచ్చు ఊడిపడింది.

“పైన పటారం లోన లొటారం” అన్నాడాయన. “జానెడు చోటు ఎలా వదిలేశావు బాబూ? ఎటు చూస్తున్నావు?”

“మీ అమ్మాయిని చూస్తున్నానండీ.”

సుత్తి కింద పెట్టి తల దించుకున్నాను.

“నాకు తెలుసు నాన్నా” అంది ఆమె నెమ్మదిగా. “అక్కడ గీకలేదని అప్పుడే చూశాను. ఈయనంతట ఈయనే చెప్తారో లేదో చూద్దామనుకున్నా. చెప్పకపోతే ఇవాళ నేనే చెప్పేదాన్ని.”

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అట్టముక్క లాక్కుని చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

“సాయంత్రం దాకా టైముంది, గీకండి. నేనిక్కడే ఉంటాను. పరీక్ష నెగ్గితే, బాబూ, మీ అమ్మగారిని తీసుకుని ఓసారి మా ఇంటికి రా.”

ఆమె నా చేతిలో వైర్ బ్రష్ పెట్టి, తండ్రికి వినబడేలాగే అంది:

“నెగ్గకపోయినా తీసుకురండి.”