ఐలీ వేసిన ఓటు

తెల్లవారేసరికి రేడియోలో ఫలితం చెప్పేశారు. ఉత్తర మిన్నెసోటాలోని ఇనుప గనుల నియోజకవర్గంలో వెర్నర్ నీమీ ఒక బడి టీచరమ్మ చేతిలో పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అతని భార్య ఐలీ ఎప్పటిలాగే కాఫీ కాచి, యాలకుల రొట్టె కోసి బల్ల మీద పెట్టింది.

ఆ శాసనసభ స్థానం అంతవరకూ ఆ ఇల్లు దాటి పోయి ఎరగదు. గనిలో కార్మిక సంఘం పెట్టినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న ఐలీ తండ్రి మాట్టి అక్కడ మొదట గెలిచాడు. ఆయన పోయాక అల్లుడు వెర్నర్ నిలబడ్డాడు. కొన్నిసార్లు అతని మీద పోటీకి మనిషే దొరికేవాడు కాదు. ప్రతి ఎన్నికకూ ఐలీ మంచులో ఇల్లిల్లూ తిరిగేది. ఈసారి మాత్రం మోకాళ్ల నొప్పులంటూ, చర్చికీ ఓటు వెయ్యడానికీ తప్ప గడప దాటకుండా ఇంట్లోనే ఉండిపోయింది.

ఫోన్ మోగింది. పార్టీ మనిషి లెస్టర్. రెండు మాటలు విని వెర్నర్ హుషారుగా భార్య వైపు తిరిగాడు.

"మళ్లీ లెక్కపెట్టిస్తారట! పదకొండు ఓట్లు ఒక తేడానా? ఎక్కడో పొరపాటు పడ్డారు. మీ నాన్న సీటు అంత తేలిగ్గా పోనిస్తానా?"

"పొరపాటేం లేదు. వదిలెయ్."

"నీకెలా తెలుసు?"

"అందులో ఒకటి నాది."

వెర్నర్ నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"ఆ టీచరమ్మకి వేశావా? మాట్టి కూతురివై ఉండి?"

"చర్చిలో ఆడవాళ్లు ఎవరికి వెయ్యమంటావని అడిగారు. మీ పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారో తలుచుకుని వెయ్యండన్నాను."

"ఇంట్లో కూర్చుని నా గొంతు కోశావన్నమాట!" వెర్నర్ బల్ల మీద గుద్దాడు. కాఫీ ఒలికింది.

రెండేళ్ల కిందట గని గట్టు విరిగిపడి వాళ్ల ఒక్కగానొక్క కొడుకు కార్ల్ చనిపోయాడు. అంతకు ముందు ఏడాదే గనుల తనిఖీ అధికారులను తగ్గించే చట్టానికి వెర్నర్ సభలో ఓటు వేశాడు. ఆ సంగతి ఆ ఇంట్లో ఒక్కరోజూ ఎవరూ ఎత్తలేదు.

"గని మూసేస్తామని కంపెనీవాళ్లు బెదిరించారు ఐలీ. ఊరు ఊరంతా రోడ్డున పడేది. నన్నేం చెయ్యమంటావు?"

"ఆ ఓటుకి నిన్నెప్పుడైనా పల్లెత్తు మాట అన్నానా? కానీ వాడి ఫొటో పోస్టర్ల మీద వేయించావు. 'గని కార్మికుడి తండ్రి' అని కింద రాయించావు. ఏ స్తంభం చూసినా వాడే. దుకాణానికి కూడా పోలేకపోయాను. మోకాళ్ల నొప్పులు కావు వెర్నర్."

ఫోన్ మళ్లీ మోగింది. వెర్నర్ చాలాసేపటికి గానీ ఎత్తలేదు.

"వద్దు లెస్టర్. లెక్క సరిగ్గానే ఉంది," అని పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"తనిఖీ జరిగి ఉంటే ఆ గట్టు కిందకి వాణ్ణి పంపేవాళ్లు కాదు. సమాధి దగ్గర నిలబడ్డప్పుడే నాకు తెలుసు. నోరు తెరిచి అనలేకపోయాను..." ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఐలీ ఓదార్చలేదు. కదలకుండా నిలబడింది.

"నన్ను వదిలి పోతావా?" అన్నాడు తలెత్తకుండానే.

"ఎక్కడికి పోను? వాడి నవ్వు ఎలా ఉండేదో తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం."

ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. కార్ల్ పోయాక వాళ్లిద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.