ముప్పై డిగ్రీల గీత

“పిరికిపందా!”

మారిట్ నాతో అన్న మొదటి మాట అదే. అమెరికాలోని మొహావే ఎడారిలో మా ఎయిర్‌ఫీల్డ్‌కి కొత్తగా వచ్చిన టెస్ట్ పైలట్ ఆమె. విమానం ముక్కు ముప్పై డిగ్రీలు దాటి ఎత్తకూడదని గీత గీసిన ఇంజినీర్ని నేను. మూడు నెలలైనా మా గొడవ తీరలేదు.

“త్రికోణం రెక్కల మీద గాలి సుడులు తిరుగుతూ విమానాన్ని నిలబెడుతుంది. ఒక పక్క సుడి ముందు చెదిరిందో, పల్టీయే” అన్నాను ఆ ఉదయం కూడా.

“చెదిరే ముందు నాకు తెలీదా?”

“విసురుగా ఎత్తితే తెలీదు. సుడి కాస్త ఆలస్యంగా చెదురుతుంది. అప్పటిదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది.”

“నీలాగే ఆలస్యమన్నమాట! కాఫీకి పిలవడానికి ఇంకెన్నాళ్లు ఆలోచిస్తావు డెస్మండ్?” అని నవ్వుతూ వెళ్లిపోయింది.

కంట్రోల్ రూమ్‌లో మాకో పద్ధతుంది. ఎవరైనా “ఆపు” అంటే పైలట్ ఎందుకని అడగకుండా ముక్కు దించేయాలి. అన్నవాడు తర్వాత అందరి ముందూ కారణం చెప్పాలి.

“ఇరవై ఆరు... ఇరవై ఎనిమిది. భలే పోతోంది!” కాసేపటికి రేడియోలో ఆమె గొంతు.

తెర మీద గీతలన్నీ బుద్ధిగా ఉన్నాయి. నా చెయ్యి మాత్రం మైకు మీదకి పోయింది.

“ఆపు!” అని అరిచాను.

దిగాక హెల్మెట్ చంకన పెట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని వచ్చింది. “కారణం?” అన్నాడు మా బాస్ హార్లన్.

ఏదో లెక్క కల్పించి అబద్ధం చెబితే, ఆ తప్పుడు లెక్కను నమ్మి రేపు ఇంకెవరో ఎగురుతారు.

“లెక్కలో ఏమీ లేదు సార్. పైనున్నది మారిట్ కాబట్టి భయమేసింది.”

మారిట్ నా వైపే చూస్తోంది.

“హెడ్‌సెట్ ఇచ్చెయ్” అన్నాడు హార్లన్ మెల్లగా. “ఆ అమ్మాయి ఎగిరే రోజు నువ్వీ కుర్చీలో కూర్చోకూడదు.”

మర్నాడు కాఫీ ఫ్లాస్కు, కప్పు పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాను. చూడ్డానికి తెర లేదు, చెప్పడానికి మైకు లేదు. పైన ముక్కు లేస్తోంది, ఇంకా లేస్తోంది. “ఆపు” అని గొణిగాను. ఎవరికి వినిపిస్తుంది?

ముక్కు దిగింది.

గంట తర్వాత ఆమె నడుచుకుంటూ కంచె దగ్గరికొచ్చింది.

“ముప్పై దాకా వెళ్లావా?” అన్నాను.

“ఇరవై తొమ్మిదికే దించేశా.”

“అదేం? ఎవరన్నారు ఆపమని?”

“ఎవరూ అన్లేదు.” నా చేతిలో కప్పు లాక్కుంది. “నువ్విక్కడ నాకోసం ఎదురుచూస్తున్నావని తెలుసు కదా. మొదటిసారి నాకూ భయమేసింది.”