కొబ్బరిపాలు, గోనెగుడ్డ

...కానీ బెల్లం ఎప్పుడు వేసేది? పాలు పిండక ముందా, పిండాకా?

సుందరికి గుర్తు రాలేదు. అమ్మ పీట మీద కూర్చునే తీరు గుర్తుంది. కొంగు నడుములో దోపుకుని, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకోవడం గుర్తుంది. ఆ పాల రుచి మాత్రం గుర్తు లేదు. కళ్లు మూసుకుని నాలుక మీదికి తెచ్చుకోవాలని చూసింది. రాలేదు.

అన్నీ ఇలాగే పోతాయా? ముందు రుచి, తర్వాత గొంతు, ఆ తర్వాత మొహం?

“అక్కా, అయిపోనాదా?” మంచం మీంచి చినబాబు అడిగాడు.

“అవుతాది. తొంగో.”

చినబాబుకి నాలుగేళ్లు. జ్వరం తగ్గింది గానీ వాడు ఏమీ తినడం లేదు. జావ ఇస్తే ఉమ్మేశాడు. పొద్దున జూట్ మిల్లుకి వెళ్తూ నాన్న వాడి పక్కన కూర్చున్నాడు.

“ఏటి కావాలిరా నీకు? సెప్పు, తెస్తాను.”

“అమ్మ సేసే కొబ్బరిపాలు.”

నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ గోడ వైపు తిరిగాడు. గుమ్మం దగ్గరికి వెళ్లాక మెల్లగా అన్నాడు. “సుందరీ, ఏదో ఒకటి ఆడి కడుపులో పడాలమ్మా. నేకపోతే జొరం తిరగబెడతాదని కాంపౌండరు సెప్పినాడు. ఇయేల బడి మానీ.”

అందుకే సుందరి బడి మానేసింది.

వానాకాలంలో అమ్మ పోయింది. అమ్మది కొబ్బరితోటల ఉద్దానం. కన్నవారింటికి వెళ్లినప్పుడల్లా కురిడీలు తెచ్చేది. ఎండిపోయి, కదిపితే లోపల గటగటలాడే కొబ్బరికాయలు. వాటిని బియ్యం డబ్బాలో అడుగున దాచేది. సుందరి రేషన్ బియ్యంలోకి భుజం దాకా చెయ్యి దించి వెతికింది. ఒక్కటే తగిలింది. అమ్మ దాచిన వాటిలో ఆఖరిది.

దాన్ని రెండు చిప్పలుగా కొట్టింది. ఒక చిప్పను పల్చగా తరిగి వేడినీళ్లలో నానబెట్టింది. ముక్కలు మెత్తబడ్డాక సన్నికల్లు మీద నూరింది. చేతులు నొప్పెట్టాయి. అయినా ఆగలేదు. ఇదంతా అమ్మ చేస్తుండగా చూసిందే.

ఇక పిండడానికి గుడ్డ కావాలి.

చూరుకి గోనెగుడ్డ ముక్క వేలాడుతోంది. మిల్లు పేటలో అన్నిటికీ గోనెగుడ్డే. కాళ్లు తుడుచుకోడానికి అదే, కుండ దించడానికి అదే, బడి సంచీ అదే. సుందరి దాన్ని శుభ్రంగా ఉతికింది. ముద్దని అందులో మూటకట్టి పిండింది. వేళ్ల సందుల్లోంచి తెల్లగా పాలు కారాయి.

వచ్చాయి! ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బెల్లం కలిపి గ్లాసు తీసుకుని పరుగెత్తింది.

చినబాబు లేచి కూర్చున్నాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాడు. ఒక గుక్క తాగాడు. వాడి మొహం ముడుచుకుపోయింది. పక్కకి ఉమ్మేశాడు.

“ఇది అమ్మ సేసింది కాదు. గోనె కంపు.”

సుందరి గ్లాసు వాసన చూసింది. ఏ కంపూ లేదు. ఒక గుక్క తాగింది. కొబ్బరి, బెల్లం. అంతే.

వీడు అబద్ధమాడుతున్నాడు. కాదేమో. వీడికి ఆ రుచి గుర్తుంది. ఇంత చిన్నవాడికి గుర్తుంది. తనకి లేదు.

“కంపు నేదు, ఏటీ నేదు! తాగు!”

“నాకొద్దు.”

చెంప మీద ఛెళ్లున కొట్టింది. గ్లాసు పడిపోయింది. మట్టినేల పాలన్నీ పీల్చేసుకుంది.

వాడు గట్టిగా ఏడవలేదు. నాన్నలాగే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“ఒలమ్మా, ఏటే ఆ సప్పుడు?”

పక్కింటి జగ్గమ్మత్త గుమ్మంలో నిలబడింది. మిల్లులో పని దిగి అప్పుడే వచ్చినట్టుంది. జుట్టంతా జనుప నలకలే. నేల చూసింది, పిల్లాణ్ణి చూసింది. సన్నికల్లు పక్కన ఉన్న గోనెమూట చేతికి తీసుకుంది.

“ఇందల పిండినావేటే? గోనెకి మిల్లులో పట్టించే నూనె కంపు ఉంటాది గదే!”

“నాకేటీ వాసన రాలేదత్తా.”

“నాకూ రాదు. మనం ఈ పేటలోనే పుట్టినోలం. సేపకి నీసు తెలుస్తాదేటి?”

“మరి నీకెలగ తెలిసినాది?”

జగ్గమ్మత్త గుమ్మంలో చతికిలబడింది.

“మీ అమ్మ కొత్తకోడలుగా వొచ్చినప్పుడు కాఫీ కాసి ఇచ్చినాను. గోనెగుడ్డతోనే వడకట్టినాను. పాపం, నవ్వుకుంటానే తాగేసినాది. మర్నాడు వొచ్చి, కట్టుకున్న నీలం సీర సెంగు సర్రున సింపి నా సేతల ఎట్టినాది. ‘వొదినా, ఇకమీదట దీంతో వడకట్టు’ అన్నాది. బంగారంలాటి సీరే, అలగ సింపీసేవేటే పిల్లా అంటే, ‘మళ్లీ కాఫీ ఇస్తావు గదా, నేను తాగొద్దేటి’ అన్నాది.” ఆమె నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “అది వడకట్టీ వడకట్టీ పోగులైపోనాది.”

“చినబాబుకి ఎలగ తెలిసినాదత్తా? ఆడూ ఈ పేటలోనే పుట్టినాడు గదా?”

“ఆడు ఆ రుచి కోసమే కాసుక్కూకున్నాడు. మరి తెలీదేటి?”

సుందరి తల దించుకుని కళ్లు తుడుచుకుంది.

“ఇంకో సిప్ప ఉన్నాది గదా, ఏడుపెందుకు? నాను తరుగుతాను. నువ్వు మెత్తటి గుడ్డ సూడు. మా ఇంట్లో గుడ్డలన్నీ మిల్లు కంపే.”

మెత్తటి గుడ్డ ఎక్కడుందో సుందరికి తెలుసు.

ట్రంకుపెట్టెలో అమ్మ నీలం చీర ఉంది. బడి నుంచి రాగానే సుందరి పెట్టె తెరిచి దాని మీద మొహం ఆనించేది. వెంటనే మూసేసేది. తెరిచిన ప్రతిసారీ కొంచెం వాసన బయటికి పోతోందని భయం. నిన్న జ్వరంలో చినబాబు “సలేస్తన్నాది, అమ్మ సీర కప్పవే” అని ఏడ్చాడు. అయినా తీయలేదు. కప్పితే అమ్మ వాసన వాడి దగ్గర కొంత, మంచం మీద కొంత పోతుంది. చివరికి తనకేం మిగులుతుంది?

ఇప్పుడు పెట్టె తెరిచింది. చీర పూర్తిగా విప్పడం ఇదే మొదలు. ఒక చివర అంచు లేదు. చిరుగులు చిరుగులుగా పోగులు వేలాడుతున్నాయి. పాతబడి అలా అయిందనుకునేది. కాదు. జగ్గమ్మత్తకి ఒక ముక్క. పాలు పిండడానికి ఒక ముక్క. ఒకసారి తన కాలి బొటనవేలు చితికితే కట్టిన నీలం పీలిక కూడా ఇందులోదే.

సుందరి చీర తెచ్చి తమ్ముడి మీద కప్పింది. వాడు కదలకుండా పడుకున్నాడు. కాసేపటికి ఒక చెయ్యి బయటికి వచ్చి, చీరని ముక్కు మీదికి లాక్కుంది. చెంప మీద ఆమె వేళ్ల అచ్చులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“చినబాబూ, అమ్మ బెల్లం ఎప్పుడేసేదిరా?”

చీర కింద వాడు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

“పిండేసేక,” చీర లోపల్నుంచి వినిపించింది. “ముందు నాకో బెల్లంముక్క ఎట్టేది.”

సుందరి డబ్బాలోంచి బెల్లంముక్క తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని నోట్లో వేసుకున్నాడు.

అవతల జగ్గమ్మత్త కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి తరుగుతోంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

మంచం మీంచి వేలాడుతున్న చీర చివర సుందరి చేతిలోకి తీసుకుంది. అమ్మ చింపి ఆపిన చోటు వెతికింది. అక్కడ ఒక్కసారి మొహం ఆనించి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

తర్వాత పళ్లతో గాటు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, సర్రున చింపింది.