ఎడమచేతి కుట్టు

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది. ఒక చేపకు జబ్బు చేసింది, ఒకావిడ మందు వేసింది, చేప బతికింది. అంతే.

అయితే చేప సంగతి చెప్పాలంటే ముందు దర్జీ సంగతి చెప్పాలి. దర్జీ అంటే మా పక్కింటాయన. ముందు గదిలో దుకాణం, వెనక గదుల్లో కాపురం. మనిషి మంచివాడే. చొక్కా కుట్టమని ఇస్తే మూడో తారీకుకల్లా ఇస్తాననేవాడు, ఏ నెల మూడో తారీకో మాత్రం చెప్పేవాడు కాదు.

ఆయన మొదటి భార్య పోయి ఐదేళ్ళు. ఆవిడది ఎడమచేతి వాటం. అంచులు, కాజాలు, చేతికుట్టంతా ఆవిడదే. లోకంలో అందరి కుట్లూ ఒకవైపు ఒరిగితే ఆవిడవి రెండోవైపు ఒరిగేవి. వీధిలో ఏ చొక్కా తిరగేసినా ఆవిడ కుట్టు నేను గుర్తుపట్టేదాన్ని. ఊరివాళ్ళ చొక్కాలు ఎందుకు తిరగేశావని అడక్కండి. ఆరేసి ఉంటే చూస్తాం కదా.

గోల్డ్‌ఫిష్‌ని పెంచింది ఆవిడే. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇనుప టోపీతో తొట్టి అద్దం మీద టక్ టక్ టక్ మని మూడుసార్లు కొట్టేది. అది తోక ఊపుకుంటూ పైకొచ్చేది. ఆవిడ చేపను "బంగారం" అనేది, దర్జీ ఆవిణ్ణి "బంగారం" అనేవాడు. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తేల్చుకోవడానికి నేను కిటికీ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చేది.

ఆవిడ పోయిన ఏడాదికి ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినామెకు మేం పెట్టిన పేరు కొత్తావిడ. మూడేళ్ళు గడిచాయి, గోడలకు రెండుసార్లు రంగులు కూడా వేశారు, ఆమె మాత్రం కొత్తావిడగానే ఉండిపోయింది. దర్జీ ఆమెను "ఇదుగో" అని పిలిచేవాడు. "బంగారం" అన్న మాట చేపకు ఉంచేశాడు.

"ఆ మాట ఒక్కసారి నన్నంటే ఆయన నోరేం అరిగిపోతుంది అక్కా?" అని నాతో అనేది కొత్తావిడ. మేత వేసేది తనే, నీళ్ళు మార్చేది తనే. తను దగ్గరికెళితే చేప మాత్రం రాయి వెనక్కి పోయి నక్కేది.

అలాంటి చేపకు జబ్బు చేసింది. తోక అంచులు తెల్లబడి, అంచు కుట్టని గుడ్డలా పీలికలయ్యాయి. ఒంటి మీద ఎర్రటి చారలు. తొట్టి అడుగున ఒరిగి పడుకుంది. దర్జీ అద్దానికి ముక్కు ఆనించి, "ఇన్ని వేల అంచులు కుట్టినవాణ్ణి, నీ తోకకు ఒక్క కుట్టు వేయలేకపోతున్నానే బంగారం" అన్నాడు. కొత్తావిడ గిన్నెలు కాస్త గట్టిగా పెట్టింది.

చేపల డాక్టరు వచ్చాడు. డాక్టరంటే చదివినవాడు కాదు, చౌరస్తాలో చేపల తొట్లు అమ్ముతాడు. చచ్చిన చేపలను ఎవరూ వెనక్కి తీసుకురారు కాబట్టి మంచి పేరుంది. చూడగానే, "ఇది బ్యాక్టీరియా" అన్నాడు. చేపను వేరే ప్లాస్టిక్ తొట్టిలో పెట్టాలి. కొలిచి కల్లుప్పు, పసుప్పచ్చ మందుపొడి వేయాలి. గాలి గొట్టం ఆగకూడదు. రోజూ మూడో వంతు నీళ్ళు తీసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు పోసి, తగ్గిన మందు కలపాలి.

"ముఖ్యంగా చీకటి. ఈ మందుకు వెలుతురు పడదు. వెలుతురు తగిలిందా, పనిచేయడం మానేస్తుంది. నల్లగుడ్డ కప్పి ఉంచండి."

దర్జీ కోటు లోపలివైపు వేసే నల్లగుడ్డ తెచ్చి కప్పాడు. ఆ రాత్రి గడియారం పెట్టుకుని రెండుసార్లు లేచి చూశాడట. మర్నాడు పొరుగూళ్ళో ఫ్యాక్టరీ వాళ్ళ యూనిఫారాల కొలతలకు నాలుగు రోజులు వెళ్ళాల్సి వచ్చింది. గుమ్మంలో నిలబడి కొత్తావిడతో, "ఇదుగో, బంగారం జాగ్రత్త" అన్నాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, "విన్నావా అక్కా?" అంది కొత్తావిడ. "నాకు జ్వరమొస్తే ఒక మాత్ర చేతిలో పెట్టి దుకాణంలోకి పోయాడు. దీనికి గడియారాలు."

లోపలికెళ్ళి నల్లగుడ్డ లాగేసింది. తొట్టిని కిటికీ దగ్గర ఎండలోకి జరిపింది. పసుప్పచ్చ నీళ్ళ మీద ఎండ తళతళలాడింది.

"మందు వేశాను. వేయలేదని ఎవరంటారు?" అంది.

ఒకరి కాపురంలో వేలు పెట్టే అలవాటు నాకు లేదు, చూడటం వరకే.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచింది. తొట్టి మీద నల్లగుడ్డ ఉంది.

"నువ్వే కప్పావా అక్కా?"

"ఇంటి తాళం నీ దగ్గరే ఉందిగా?"

ఆమె గుడ్డ తీసేసింది. చేప అడుగునే ఉంది, కళ్ళు మాత్రం ఆమె వైపే.

మూడో రోజు గుడ్డ మళ్ళీ ఉంది. ఈసారి ఊరికే కప్పి లేదు. సంచి మూతిలా తొట్టి అంచు కిందికి ముడిచి, చుట్టూ చేతికుట్టు వేసి ఉంది. కొత్తావిడకు సూదిలో దారం ఎక్కించడం రాదు. నేను వంగి చూశాను. కుట్లన్నీ రెండోవైపు ఒరిగి ఉన్నాయి.

"ఏమైంది అక్కా?"

"ఏం లేదు. మంచి పనితనం" అన్నాను.

ఆ రోజు ఆమె దాన్ని ముట్టుకోలేదు.

నాలుగో రోజు దర్జీ సాయంత్రానికి వస్తాడు. మధ్యాహ్నానికే ఆకాశం మబ్బేసి గదిలో మసక కమ్మింది. మందు వాసన, తడిగుడ్డ వాసన, ఇస్త్రీ పెట్టె కింద మాడిన నూలు వాసన. గాలి గొట్టం గుడగుడలాడుతోంది. కొత్తావిడ కత్తెర పట్టుకుని కూర్చుంది.

"ఆయన వచ్చేసరికి ఇది బతికి ఉండకూడదు అక్కా. ఉంటే ఈ ఇంట్లో నేనెప్పటికీ ఇదుగోనే."

అప్పుడే కరెంటు పోయింది. గుడగుడ ఆగిపోయింది.

టక్... టక్... టక్.

మెత్తటి చప్పుడు. ఇనుము ప్లాస్టిక్‌కు తగిలితే వచ్చే చప్పుడు. లోపలి నుంచి.

"విన్నావా?" గొంతు తగ్గించి అడిగింది.

నేను విన్నాను. వినపడనట్టు నటించడం నాకు చేతకాదు.

ఆమె కసకసా కుట్లు కత్తిరించింది. ఒకవైపు తెరుచుకుంది. లోపల చీకటి. నీళ్ళు కనిపించలేదు. ఎడమచెయ్యి లోపల పెట్టింది... మణికట్టు దాకా... మోచేయి దాకా. ఆ తొట్టి లోతు జానెడే.

"అక్కా... ఎవరో నా వేలు పట్టుకున్నారు."

"తీసెయ్యవే చెయ్యి!"

"తీస్తున్నా... రావడం లేదు... మెల్లగా ఏదో..."

మాట ఆగిపోయింది. నోరు తెరిచింది, మూసింది. తెరిచింది, మూసింది. శబ్దం లేదు. ఎంతసేపో చెప్పలేను.

కరెంటు వచ్చింది. గాలి గొట్టం గుడగుడమంది. ఆమె చెయ్యి బయటికి తీసింది. ఎడమచేతి నడిమి వేలికి తుప్పు పట్టిన ఇనుప టోపీ.

గుడ్డ నేనే లాగేశాను. చేప నీళ్ళలో నిటారుగా నిలబడి ఉంది. ఎర్ర చారలు లేవు. తోక పీలికలన్నీ దగ్గరికి చేరి ఉన్నాయి. అంచు పొడవునా సన్నగా, నల్లగా గీతలు... ఒక్కటీ తప్పకుండా రెండోవైపు ఒరిగి.

దర్జీ వచ్చి చూసి ఏడ్చినంత పని చేశాడు. చేపల డాక్టరు వచ్చి, మానేటప్పుడు అంచు నల్లబడటం మామూలేనని చెప్పి, ఘనతంతా తన మందుదే అన్నాడు. దర్జీ తన భార్య రెండు చేతులూ పట్టుకుని, "నువ్వే బతికించావు, బంగారం" అన్నాడు.

కోరుకున్నది దక్కింది. ఆమె చిన్నగా నవ్వింది.

ఇది జరిగి ఏడాది. దర్జీ ఇప్పుడు చొక్కాలు చెప్పిన రోజుకే ఇస్తున్నాడు. అంచులు, కాజాలు ఆమే వేస్తోంది. ఎప్పుడు నేర్చుకున్నావమ్మా అని ఎవరూ అడగలేదు, పని బాగుంటే ఎవరడుగుతారు? ఇంటాయన పిలిచినట్టే వీధంతా ఆమెను "బంగారం" అంటోంది. మా వీధిలో వాళ్ళంత అన్యోన్యంగా ఉండే జంట ఇంకొకటి లేదు. చెప్పడానికి నాకే కాస్త కడుపుమంటగా ఉంది.

మొన్న చిరిగిన దిండు గలీబు ఇవ్వడానికి వెళ్ళాను. అలవాటు కొద్దీ గుమ్మంలోంచి, "ఏమ్మా కొత్తావిడా" అని పిలిచాను.

ఆమె తలెత్తలేదు. ఎడమచేత్తో కాజా కుట్టుకుంటూనే ఉంది.

తొట్టిలో చేప మాత్రం గబుక్కున ఇటు తిరిగింది.