తొంభై రోజుల ఊరు

“ఏవండీ, తాడు తొక్కుతున్నారు!”

నేను ఆమెతో అన్న మొదటి మాట అది. క్లైంబింగ్ జిమ్‌లో నా కొత్త తాడు మీద రెండు కాళ్ళూ మోపి ఫోన్ చూసుకుంటోంది. తాడు తొక్కితే మట్టి లోపలికి దిగి పోగులు తెగుతాయి. మా కొండలెక్కేవాళ్ళకి అంతకు మించిన పాపం లేదు.

ఆమె కిందికి చూసింది. నాకేసి చూసింది.

“తొక్కాను. ఇప్పుడేంటి, కళ్ళకద్దుకోమంటారా?”

స్నేహితురాలికి తోడుగా వచ్చిందట. ఆమె పిచ్చి వేరు: డాన్సు. స్టేజీ మీద చేసేది కాదు, హాల్లో ముక్కూ మొహం తెలియని వాళ్ళతో జతకట్టి ఆడేది. నెల తిరిగేసరికి ఆమె నోట నేను ‘బల్లి’నయ్యాను, నా నోట ఆమె ‘తైతక్క’ అయింది.

ఇద్దరివీ లాప్‌టాప్ ఉద్యోగాలే. ఆమె సినిమాలకి సబ్‌టైటిల్స్ రాస్తుంది, నేను ఒక మందుల కంపెనీ వెబ్‌సైట్ చూస్తాను. ఎక్కడికైనా పోయి మూడు నెలలు ఉందామని ముందు ఎవరన్నారో గుర్తులేదు. వీసా తొంభై రోజులు ఇస్తారు. ఏ ఊరు అన్న దగ్గరే తగువు.

“ఇది చూడు, ఊరి వెనకాలే కొండ. నాలుగొందల దారులున్నాయి ఎక్కడానికి!”

“డాన్సు హాలు?”

“పెళ్ళిళ్ళ హాలు ఒకటుంది.”

“నీ పెళ్ళికి పనికొస్తుందిలే. ఇంకోటి చూడు.”

ఆమె చూపించిన ఊళ్ళో వారానికి ఆరు రోజులు డాన్సు. కొండ మాత్రం మూడు గంటల దూరం.

“తైతక్కా, అక్కడ నేను దేన్ని పట్టుకుని వేలాడాలి?”

“నన్ను,” అంది, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

ఆ పూట నాకు ఇంకే ఊరూ కనపడలేదు.

రెండు నెలలు వెతికాం. చివరికి ఆమే పట్టుకుంది, ఎవరో పెట్టిన ఫోటోలో, ఒక చెప్పుల షాపు. ఒక అరలో రబ్బరు అరిగిన క్లైంబింగ్ షూస్, పక్క అరలో డాన్సు చెప్పులు. “రెండిటికీ కొత్త అడుగులు వేసే మనిషున్నాడంటే రెండూ ఉన్న ఊరే బల్లీ!” అంది. అలా ఊరు దొరికింది. మూడో అంతస్తులో ఎదురెదురు గదులు, మధ్యలో ఒక వంటిల్లు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరు మంచిదే. నా నోటి సంగతే చెప్పాలి.

ఆదివారం మధ్యాహ్నాలు డాన్సు. అక్కడ పాటకొక జత మారాలి, అది మర్యాద. చెప్పుల షాపాయనే పాటలు పెట్టేవాడు. నేను గోడకి ఆనుకుని లెక్కపెట్టేవాణ్ణి, ఇవాళ ఎన్ని చేతులు మారిందోనని. మాకు కొండ దగ్గర అలా కాదు. కింద తాడు పట్టుకునే మనిషి ఒక్కరే ఉంటారు, ప్రాణం వాళ్ళ చేతిలో పెట్టి ఎక్కుతాం. నా తాడు పట్టుకోవడం ఆమె నేర్చుకుంది. ఎక్కేముందు నా నడుము దగ్గర ముడిని రెండుసార్లు లాగి చూసేది. ఆ రెండు లాగుళ్ళ కోసమే రోజూ కొండకి పోయేవాణ్ణి. ఆదివారాలు మాత్రం కడుపు మండి, సగంలోనే గదికొచ్చేసేవాణ్ణి.

డెబ్భై ఒకటో రోజు, కొండ మీద నా కాలు జారింది. ఆమె పట్టుకుంది, కానీ ఒక్క క్షణం ఆలస్యమైంది. మోకాలు రాయికి కొట్టుకుంది. దెబ్బ పెద్దది కాదు. నోరే ఊరుకోలేదు.

“నీకు ఎవరి చెయ్యయినా ఒకటే! తాడైతేనేం, మనిషైతేనేం!”

ఆమె పట్టుకున్న తాడుకే వేలాడుతూ అన్నాను ఆ మాట.

ఆమె నన్ను మెల్లగా, చాలా జాగ్రత్తగా కిందికి దింపింది. ముడి విప్పుకునేదాకా ఆగింది.

“బల్లి పలికింది,” అంది. “సత్యమే అయ్యుంటుంది.”

సాయంత్రానికి ఎదురు గది ఖాళీ. ఊరికి ఆ చివర ఎక్కడో గది తీసుకుందట. ఫోన్ ఎత్తలేదు. కొండకి వెళ్తే తాడు పట్టుకోవడానికి వేరేవాళ్ళు దొరికారు, కానీ నాకు ఎక్కాలనిపించలేదు. వంటింటి మధ్యలో నిలబడి అన్నం తినేవాణ్ణి, కూర్చుంటే ఎదురు తలుపు కనిపిస్తుందని. అక్క ఫోన్ చేసి, “ఏరా, ఆ పిల్ల ఏదీ?” అంటే, “పనిలో ఉంది,” అన్నాను. “నువ్వేదో వాగి ఉంటావు,” అంది అక్క. పుట్టినప్పట్నుంచీ నన్ను ఎరిగిన మనిషి.

ఎనభై ఎనిమిదో రోజు ఆదివారం. బాగుకిచ్చిన షూస్ తెచ్చుకుందామని షాపుకి వెళ్ళాను. ఆయన హాలుకి బయల్దేరబోతూ, నాకు అర్థమయ్యేట్టు నెమ్మదిగా అడిగాడు.

“ఆఖరి పాటకి ఎందుకు ఉండవు బాబూ నువ్వు?”

“ఉంటే ఏమవుతుంది?”

“పాటలన్నీ అందరివీ. ఆఖరి పాట మాత్రం వెంట వచ్చినవాళ్ళతోనే ఆడతారు. ఆ అమ్మాయి మొదటి వారం నుంచీ ఆ పాటకి చెప్పులు విప్పేసి బెంచీ మీద కూర్చుంటోంది. ఎవరడిగినా లేవదు.”

పన్నెండు ఆదివారాలు. నేను మారిన చేతులు లెక్కపెట్టాను. ఖాళీగా ఉంచిన చెయ్యిని ఒక్కసారీ చూడలేదు. అంత సిగ్గు నాకెప్పుడూ వెయ్యలేదు.

ఆయన వెంటే హాలుకి వెళ్ళాను. ఆఖరి పాట మొదలయ్యాక గానీ ఆమె ముందుకి వెళ్ళే ధైర్యం రాలేదు. బెంచీ మీద, సాక్సులతో కూర్చుని ఉంది. సన్నబడింది.

“రేపు పొద్దున బస్సు,” అంది తనే. “సరిహద్దు అవతల వేరే ఊళ్ళో గది దొరికింది.”

“కొండ ఉందా?”

“లేదు. లేదని చూసుకునే తీసుకున్నాను.”

అయినా అన్నాను. “బల్లి పలికిందల్లా సత్యం కాదు. అది వట్టి కుళ్ళు. ఇన్ని వారాలూ నువ్వు నా కోసం కూర్చున్నావని ఇవాళే తెలిసింది. నువ్వంటే నాకు ప్రాణం. అది చెప్పడం రాక ఆ మాట వాగాను.”

పాట సగం అయిపోయింది. అప్పుడు ఆమె లేచి, సాక్సులతోనే నా చెయ్యి అందుకుంది.

నాకు డాన్సు రాదు. నాలుగో అడుగులోనే ఆమె కాలు తొక్కాను. ఆలోచించకుండా వంగి, ఆ పాదం ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. చుట్టూ ఆడేవాళ్ళు వింతగా చూశారు. ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. నా భుజం మీద చాలాసేపు ఏడ్చింది. పాట అయిపోయింది. షాపాయన దీపాలు ఆర్పలేదు.

“కొండ లేని ఊరు బల్లీ,” అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. “గోడలున్నాయంతే. బల్లికి ఏ గోడయినా ఒకటేగా?”

“ఒకటి కాదు,” అన్నాను.

ఆమె నా నడుము దగ్గర బెల్టు పట్టుకుని రెండుసార్లు లాగి చూసింది.