రబ్బరు పట్టీల మీద కుంకుమ

సోమందేపల్లెలో పాల ఆటో వచ్చే వేళకే కంపెనీ కారు జయరాం షెడ్డు ముందు ఆగింది. కారు తలుపు గాజుకు బిగించే రబ్బరు పట్టీలను కార్లు తయారు చేసే ఆ కంపెనీ ఇన్నేళ్లూ చైనా నుంచి తెప్పించుకునేది. ఇక మన దేశంలోనే కొందామని జయరాంకు ఆర్డరిచ్చింది. మొదటి లోడు మొన్ననే పోయింది.

ఆఫీసరు విజయభాస్కర్ ఒక పెట్టె తెరిచి చూపాడు. పట్టీల నిండా పసుపు, కుంకుమ.

"గాజులకు మరకలు పడుతున్నాయి. ఎవరు పెట్టారిది?"

కొత్తది ఏదైనా బొట్టు లేకుండా గడప దాటని ఇల్లు జయరాంది. మొదటి సరుకని మురిసిపోయి పెట్టె పెట్టెలోనూ పట్టీల మీద తన చేత్తోనే బొట్లు పెట్టాడు. తీరా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"మా అమ్మ సార్. ముసలామె, తెలీదు."

మూలన కూర్చుని పట్టీల అంచులు కత్తిరిస్తున్న ఆంజినమ్మ తన కొడుకు వైపు చూసింది. మెల్లగా లేచి నిలబడింది.

"అవును సామీ. తప్పయిపాయ."

"మళ్లీ ఇట్లా జరిగితే మాకు చైనా సరుకే గతి. ఇది పెట్టినవాళ్లు ఇక షెడ్డులో కాలు పెట్టకూడదు," అనేసి ఆయన వెళ్లిపోయాడు.

ఆంజినమ్మ కత్తెర కిటికీలో పెట్టి ఇంట్లోకి నడిచింది. గొర్రెల మందను అమ్మి ఆ షెడ్డు వేయించింది ఆమే. జయరాంకు తల కొట్టేసినట్టయింది.

భార్య హేమ ఊరుకునే మనిషి కాదు. "ఏమప్పా, అత్త పెట్టిందా? పళ్లెం పట్టుకోని నీ పక్కనే ఉంటి కదా నేను!"

"ఆర్డరు పోతాదని భయపడినా."

"ఆర్డరు కోసరం అమ్మను దొంగను చేస్తావా?"

జయరాం వంటింటి గడపలో నిలబడ్డాడు. "తిట్టమ్మా. ఊరికే ఉండొద్దు."

"తిట్టేకేముండాది? నలుగురిలో నీకు తలవంపులు రాకూడదని ఒప్పుకుంటి." ఆమె ఇటు తిరగలేదు. "నువ్వే నిజం చెప్తావేమోనని, ఆయప్ప కారెక్కేదాకా చూస్తాంటి రా."

ఆ మాటకు జయరాం భోరుమన్నాడు. అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

"సార్, కుంకుమ పెట్టింది నేను. మా అమ్మ మీదికి తోసినా."

విజయభాస్కర్ అంతా విన్నాడు. "ఇంకొక్క లోడు చూస్తాను. ముందు మీ అమ్మగారిని షెడ్డులోకి పిలుచుకో."

కొత్త లోడు బయలుదేరే రోజు ఆంజినమ్మే కుంకుమ భరిణె తెచ్చింది. పెట్టెల వైపు పోకుండా కొడుకు ఎదుట ఆగింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"తలెత్తు నాయనా," అంది గడ్డం పట్టుకుని. "బొట్టు వంకర పోతాది."