నాలుగో కాలు

లంచ్ అయ్యాక డ్రాయింగ్ పీరియడ్. ఎనిమిదో తరగతి గది మధ్యలో ఒక బల్ల, బల్ల మీద ఒక చెక్క స్టూలు. పిల్లలందరూ దాని చుట్టూ కూర్చుని బొమ్మ గీస్తున్నారు. ఆ స్టూలుకి పుట్టి బుద్ధెరిగాక ఇంత మర్యాద ఎప్పుడూ జరిగి ఉండదు.

నాలుగు డ్రాయింగ్ పీరియడ్ల నుంచి ఇదే పని. రేపు అమ్మానాన్నలు బడికి వస్తారు. మేడమ్ ఎంచుకున్న ఐదు బొమ్మలు వరండా గోడకి ఎక్కుతాయి.

వాటిలో ఒకటి ఫొటోది. ఉన్నది ఉన్నట్టు దించేస్తుందని క్లాసంతా కలిసి ఆ పిల్లకి పెట్టిన పేరది. ఇంకొకటి తాబేలుది. గీత గీతకీ ఆగి ఆలోచిస్తుందని ఆమెకి ఆ పేరు. తాబేలు బొమ్మ గోడెక్కడం ఇదే మొదటిసారి. వాళ్లమ్మ సెలవు పెట్టి మరీ వస్తోంది.

తాబేలు చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఫొటో ఊరుకోలేక వెళ్లి ఆమె బొమ్మలోకి తొంగిచూసింది. నీడలు చక్కగా కుదిరాయి. చెక్క మీది చారలు కూడా ఉన్నాయి. కానీ స్టూలుకి మూడే కాళ్లు!

ఇంత కష్టపడి ఒక కాలు మరిచిపోయిందేమిటి పాపం అనుకుంది ఫొటో. రేపు అందరూ నవ్వుతారని జాలేసింది కూడా. జాలేస్తే నోటితో చెప్పొచ్చు కదా? ఊహూ. నల్ల స్కెచ్ పెన్ను తీసి నాలుగో కాలు గీసి పారేసింది.

తాబేలు తిరిగొచ్చి కాగితం చూసింది.

"ఎవరు గీశారే ఇది?"

"నేనే. నువ్వు ఒక కాలు మరిచిపోయావు," అంది ఫొటో, థాంక్స్ కోసం ఎదురుచూస్తూ.

"మరిచిపోలేదు. నాకు కనపడలేదు." తాబేలు కళ్ల నిండా నీళ్లు.

కనపడకపోవడమేమిటి? ఫొటో చోటు నుంచి నాలుగూ శుభ్రంగా కనపడుతున్నాయి. మేడమ్ వచ్చి సంగతంతా విన్నారు. తిట్టలేదు. తాబేలు కుర్చీలో కూర్చుని చూడమన్నారు, అంతే.

ఫొటో కూర్చుంది. తల కాస్త పక్కకి జరిపితే నాలుగో కాలు బయటికొస్తోంది. నిటారుగా కూర్చుంటే ముందు కాలు వెనక సరిగ్గా దాక్కుంటోంది. భలే తమాషాగా ఉందే అని మళ్లీ లెక్కపెట్టింది. మూడే. నవ్వబోయి, తన చేతిలోని స్కెచ్ పెన్ను చూసుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

రబ్బరుతో రుద్దితే కాగితం చిరుగుతుందే తప్ప ఆ నలుపు పోదు. మళ్లీ గీయడానికి టైము లేదు. తన బొమ్మ పెట్టొద్దని, అమ్మ చూసి తప్పు గీశాననుకుంటుందని తాబేలు ఏడుస్తూ చెప్పింది.

"పెట్టండి మేడమ్," అంది ఫొటో. "తప్పెవరిదో నేను రాసిస్తాను."

అట్టముక్క ఒకటి తీసుకుని రాసింది:

'ఈ బొమ్మ గీసిన అమ్మాయి తనకి కనిపించింది కనిపించినట్టే గీసింది. ఆమె చోట కూర్చుని చూడకుండానే నాలుగో కాలు తగిలించింది నేను.'

కింద ఫొటో అని రాయలేదు. హాజరుపట్టీలో ఉన్న పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పెద్ద పెద్ద అక్షరాల్లో రాసింది. తనే తీసుకెళ్లి, తన అమ్మానాన్నలు కూడా చదవగలిగేంత ఎత్తులో, వరండా గోడ మీద తాబేలు బొమ్మ పక్కనే అతికించింది.